చివరిది ఎవరిది

ఆ ఉదయం ఎడిటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. క్యాసెట్‌ను ప్లేయర్ పక్కన పెట్టి స్నానానికి వెళ్ళడం, వచ్చాక దాన్ని ప్లేయర్లోకి తోసి కంప్యూటర్లోకి ఎక్కించడం, అది ఎక్కుతుండగా టిఫిన్ తినడం, తర్వాత ఆఫీసుకు వెళ్ళి మేనేజరుకు అప్పగించి ఉద్యోగం నిలబెట్టుకోవడం. ఇందులో తప్పు దూరడానికి సందెక్కడుందో ఎంత తెలివైనవాడైనా చెప్పలేడు.

అతను పనిచేసే టీవీ ఛానల్లో పాత టేపుల గదిని మూసేయబోతున్నారు. ఆ గదిలో ఉన్నవి టేపులూ, ఎడిటరూను. టేపుల్ని ఏం చేయాలో యాజమాన్యం తేల్చుకుంది గానీ ఎడిటర్‌ను ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. సరిగ్గా అప్పుడే, పాతికేళ్ళ కిందట వచ్చిన "ఎదురువాటా" అనే సీరియల్‌ను మళ్ళీ వేద్దామని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. పాత క్యాసెట్లను శుభ్రం చేసి వారం వారం అందించే పని ఎడిటర్ నెత్తిన పడింది. "ఇది సవ్యంగా జరిగితే కొత్త విభాగంలో నీకో కుర్చీ వేయిస్తానయ్యా. తేడా వస్తే మాత్రం నన్నడగొద్దు" అని మేనేజరు ముందే చెప్పేశాడు. ఇంకోచోట ఉద్యోగం వెతుక్కునే వయసు దాటిపోయింది గనక ఎడిటర్‌కు ఆ కుర్చీ మీద పంచప్రాణాలూ ఉన్నాయి.

ఇక ఆ సీరియల్ సంగతి. ఒక ఇంట్లో రెండు వాటాలుంటాయి. ఒకదాంట్లో ఓ కుటుంబం కాపురముంటుంది. ఎదురువాటాలో ఎవరుంటారో ఎవరూ చూడలేదు గానీ అక్కణ్ణుంచి రోజూ దగ్గు వినిపిస్తుంది. విచారించడానికి ఒక ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వచ్చినవాడు విచారణ మానేసి, ఒక భాగమంతా కుర్చీకి నూనె రాస్తాడు. ఇంకో భాగంలో ఇల్లాలు నీళ్ళ కుళాయితో తన చిన్నప్పటి కష్టాలు చెప్పుకుంటుంది, కుళాయి ఏడుస్తుంది. చివరికి ఇన్‌స్పెక్టర్ "వెళ్ళొస్తాను" అని అందరికీ చెప్పి, ఎదురువాటా తలుపు తీసుకుని లోపలికి వెళ్తాడు. ఆ తర్వాతిదే ఆఖరి భాగం. అది ఒక్కసారే ప్రసారమైంది, ఆ సాయంత్రమే ఊరంతా కరెంటు పోయింది. చూసినవాడు ఒక్కడూ లేడు.

అప్పట్నుంచీ అభిమానులు రెండుగా చీలిపోయారు. వెళ్తాను అనలేదు, వెళ్ళొస్తాను అన్నాడు గనక ఇన్‌స్పెక్టర్ వచ్చి తీరతాడని ఒక వర్గం. అది మర్యాదకు అనే మాటేగానీ ఎవరూ రారని ఇంకో వర్గం. ఈ రెండు వర్గాల మధ్యా పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు కూడా లేవని చెప్పుకుంటారు.

దీని దర్శకుడు తర్వాత కొన్ని సినిమాలు తీశాడు. ఒకదాని పేరు "మోకాళ్ళు". అందులో మనుషుల మొహాలు కనిపించవు. ఇంకోదాంట్లో గొడుగు హీరో, వాన విలన్. ఈ సినిమాలను అర్థం చేసుకున్నామని చెప్పినవాళ్ళతో ఆయన మాట్లాడడని ప్రతీతి. ఎడిటర్ సీరియల్లో ఆఖరిది తప్ప అన్ని భాగాలనూ కళ్ళప్పగించి చూశాడు, చూసిన ప్రతిసారీ తలనొప్పి మాత్ర వేసుకున్నాడు. అందుకే ఆఖరి భాగాన్ని చూడకుండానే ఎక్కించేద్దామనుకున్నాడు.

ఆఫీసులో ప్లేయర్ చెడిపోవడంతో క్యాసెట్‌ను ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మీద పాత గుమాస్తా ఎవరో నల్లసిరాతో "చివరిది" అని రాసి పెట్టాడు. అతను స్నానం చేసి వచ్చేసరికి ప్లేయర్ పక్కన "చివరిది" అని ఉన్న క్యాసెట్ అలాగే ఉంది. ప్లేయర్లోకి తోశాడు. టిఫిన్ తింటూ ఒక్కసారి తెర వైపు చూస్తే ఎవరివో మోకాళ్ళు, వాటి వెనక మూసిన తలుపు కనిపించాయి. ఈ దర్శకుడిదే, అనుమానం లేదు అనుకుని మళ్ళీ పళ్ళెం వైపు తిరిగాడు.

ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. ఎడిటర్ భార్య, ఆమె పుట్టింటి నుంచి వచ్చి కొన్నాళ్ళుగా ఇక్కడే ఉంటున్న అత్తగారు, పరుపుల దుకాణం కట్టేసి ఊరికే చూసిపోదామని వచ్చిన బామ్మర్ది. తెర మీద "ఎదురువాటా, చివరి భాగం" అని పడింది. తర్వాత మోకాళ్ళు పడ్డాయి. తర్వాత కెమెరా మెల్లగా పైకి లేచింది. పాతికేళ్ళ కిందటి అత్తగారు తెర నిండా ప్రత్యక్షమై, లోకం వైపు అనుమానంగా చూస్తూ, "దీంట్లో నేనున్నానా? లోపల ఎవరున్నారు?" అని అడిగింది.

"ఏమండీ, అది మా ఇల్లు" అంది భార్య.

తెర మీద ఒక అమ్మాయి ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. రెండు జడలు, ఎర్రబడ్డ ముక్కు. కాలేజీ హాస్టలుకు మొదటిసారి బయల్దేరుతున్న ఎడిటర్ భార్యే. పక్కన నూనూగు మీసాల బామ్మర్ది, ఆటో పిలుచుకొస్తానంటూ "వెళ్ళొస్తా" అని గుమ్మం దాటాడు. వెంటనే కళ్ళజోడు కోసం తిరిగొచ్చాడు. "వెళ్ళొస్తా" అని మళ్ళీ వెళ్ళాడు, గొడుగు కోసం వచ్చాడు. ఇంకోసారి వెళ్ళి, వచ్చి, గది మధ్యలో నిలబడి, "దేనికొచ్చానో గుర్తు రావట్లేదు" అన్నాడు. కెమెరా వెనకనుంచి ఎవరో దగ్గి, నవ్వారు.

ఆ దగ్గూ నవ్వూ పోయిన మామగారివి. అత్తగారు ఒక్క క్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉద్యోగం పోతోందన్న భయంలో కూడా ఎడిటర్‌కు ఆమెను చూసి కళ్ళు చెమ్మగిల్లాయి.

"నా క్యాసెట్ మీద చివరిది అని ఉంది కదండీ" అన్నాడు ఎడిటర్.

"నా క్యాసెట్ మీదా చివరిదనే ఉంది బాబూ" అంది అత్తగారు. "పెద్దదాని క్యాసెట్ మీద పెద్దది అని రాశాను, నడిపిదాని మీద నడిపిది, మా చివరిదాని మీద చివరిది. మరేమని రాస్తాను? మీ ఇంట్లో ఆడించే పెట్టె ఉంది కదాని తెచ్చి, దాని పక్కన పెట్టాను. నువ్వు పెట్టిన దాన్ని నాదే అనుకుని దుమ్ము తుడిచి నా సంచీలో పెట్టినట్టున్నాను."

ఫోను మోగింది. మేనేజరు. ఎడిటర్ దాన్ని చెవికి ఆనించుకోకుండా కాస్త దూరంగా పట్టుకున్నాడు. ఎంత దూరం పట్టుకున్నా వినిపించింది, మేనేజరు ఆనందంతో ఏడుస్తున్నాడు. ఛానల్‌కు ఊపిరాడనన్ని ఫోన్లు వస్తున్నాయిట. ఇన్‌స్పెక్టర్ వేరే శరీరంలో తిరిగొచ్చాడని ఒక వర్గమూ, వచ్చాడు గానీ ఎందుకొచ్చాడో తెలియదు గనక రానట్టే లెక్క అని రెండో వర్గమూ వాదించుకుంటూ, ఇన్నేళ్ళలో మొదటిసారి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారుట. దగ్గు రహస్యం వీడిపోయిందని, దగ్గేది కెమెరాయేనని అందరూ ఒప్పుకున్నారుట.

మర్నాడు ఎడిటర్ మేనేజరు గదిలోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మేనేజరు లేచి తలుపు మూశాడు. "అది తప్పయితే నీ ఉద్యోగం ఉండదయ్యా. తప్పు కాకపోతే కుర్చీ సిద్ధంగా ఉంది. నాకైతే నువ్వు చెప్పింది సరిగ్గా వినపడలేదు" అన్నాడు. ఎడిటర్ బయటికొచ్చాడు.

ఈలోగా అభిమాన సంఘం అధ్యక్షురాలు ఆ ముసలావిడ ఎవరో ఆరా తీసి, మైకు పట్టుకున్న విలేకరిని వెంటబెట్టుకుని ఇంటికే వచ్చేసింది. వాళ్ళు అడగ్గానే అత్తగారు దాచుకోకుండా చెప్పింది. అవును, అది మా చివరిదే. ఇంకొకటి ఉందా అని అడిగితే, లేదమ్మా, దాని తర్వాత ఇక చాలనుకున్నాం అంది. ఎందుకు చాలనుకున్నారని అడిగితే, పెంచాలి కదా అంది. ఒక కథను పెంచడం గురించి ఇంత లోతుగా ఎవరూ చెప్పలేదని అధ్యక్షురాలు ఆమె కాళ్ళకు దండం పెట్టింది.

బామ్మర్ది దుకాణం ముందు జనం మూగారు. ఎవరూ పరుపులు కొనడానికి రాలేదు. దేనికొచ్చారో గుర్తొచ్చిందా అని అడుగుతున్నారు. అతను అమాయకంగా ఇంకా లేదన్నాడు. చప్పట్లు మోగాయి. మూడో రోజుకల్లా బామ్మర్ది ఎండలో కూడా గొడుగు పట్టుకుని తిరగడం, ఎక్కడికెళ్ళినా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం మొదలుపెట్టాడు. "జనం ఆశించినప్పుడు తప్పదు బావా" అన్నాడు.

భార్య మాత్రం ఇదంతా చూసి మొహం ముడుచుకుంది. పెట్టె మీద కూర్చున్న అమ్మాయి కాలానికి సంకేతమని పేపర్లో రాశారు. "నేను హాస్టలుకి వెళ్ళనని ఏడ్చానండీ, అంతే. అది కూడా నాకు మిగల్చరా?" అని అడిగింది. ఛానల్ దగ్గర ఉండిపోయిన ఆ క్యాసెట్‌ను ఆమెకు తిరిగి ఇప్పించలేని మొగుడు తనెందుకని ఎడిటర్ బాధపడ్డాడు.

ఆ బాధ ఇంకా తగ్గకముందే దర్శకుడు వచ్చాడు. బక్కపల్చని పెద్దమనిషి, చెవిలో యంత్రం. టేపుల గదిలో కూర్చుని, ప్రసారమైన భాగాన్ని మొదట్నుంచి చివరిదాకా రెప్పవేయకుండా చూశాడు. ఎడిటర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇది నేను తీసిందేనా?" అన్నాడు దర్శకుడు చివరికి.

ఎడిటర్ బుర్ర గిర్రున తిరిగింది. అవునండీ అంటే చాలు, కుర్చీ వచ్చేస్తుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ట్రంకు పెట్టె మీది ఎర్రముక్కు అమ్మాయి గుర్తొచ్చింది. "కాదండీ. అది మా ఆవిడండీ" అన్నాడు.

"నాకూ అనుమానంగానే ఉంది. ఆ గొడుగు మనిషిని నేను అంత బాగా పెట్టుండను" అన్నాడు దర్శకుడు. తర్వాత నెమ్మదిగా, తన అసలు భాగాన్ని జనం ఒక్కసారైనా చూడాలన్నాడు. పాతికేళ్ళుగా ఎదురుచూస్తున్నానన్నాడు. మేనేజరు తల పట్టుకున్నాడు, కానీ ఛానల్‌కు ఇంకో ఆదివారం దొరుకుతుందన్న ఆలోచన రాగానే వదిలేశాడు. అత్తగారి సంచీలోంచి రెండో "చివరిది" బయటికొచ్చింది. మొదటి దాంట్లో పొరపాటు జరిగిందనీ, ఇదే అసలైన ముగింపనీ ఛానల్ ప్రకటించింది.

అసలైన ముగింపులో ఇన్‌స్పెక్టర్ ఎదురువాటా తలుపు తీస్తాడు. లోపల ఇంటి యజమాని అన్నయ్య ఉంటాడు, ఆయనకు ఉబ్బసం. ఆయన అక్కడ ఎందుకున్నాడో, బయటికి ఎందుకు రాలేదో, కుర్చీ ఎందుకు కిర్రుమనేదో, కుళాయి ఎందుకు కారేదో ఇన్‌స్పెక్టర్ అందర్నీ వరసగా నిలబెట్టి విడమర్చి చెప్తాడు. చంటిపిల్లలకు కూడా అర్థమైపోయింది.

అభిమానులు భగ్గుమన్నారు. ఇది నకిలీ అన్నారు. ఎవరో ఇంట్లో కూర్చుని సరదాకు తీసుకున్నదాన్ని తెచ్చి మహాదర్శకుడి పేరు చెడగొట్టారన్నారు. ఛానల్ గేటు ముందు రెండు వర్గాలూ ఒకే బ్యానరు కింద నిలబడ్డాయి. మేనేజరు ఎడిటర్‌ను పిలిపించి, మొదటి దాన్ని ఎక్కించింది నువ్వే కదా, ఆ కుర్చీ ఈ సాయంత్రమే వేయిస్తాను, ఇక అటువంటివే తెస్తూ ఉండు అని భుజం తట్టాడు. పొరపాటు చేసినందుకు కుర్చీ దొరికిందో, నిజం చెప్పినందుకు దొరికిందో ఎడిటర్‌కు అంతుపట్టలేదు. భార్య క్యాసెట్ తనకిస్తేనే కూర్చుంటానన్నాడు. ఇచ్చేశారు.

సాయంత్రం దర్శకుడు ఎడిటర్ ఇంటికి వచ్చాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు. "ఆ వారం నాకు జ్వరం నాయనా. ఒళ్ళు తెలియకుండా తీశాను. అందుకే అలా అర్థమైపోయింది" అన్నాడు. ఎడిటర్ జాలిపడి మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

"నీకు అభ్యంతరం లేకపోతే ఒక ఉపాయం" అన్నాడు దర్శకుడు. "మొదటిది నేను తీశాననుకుంటున్నారు, అనుకోనిద్దాం. రెండోది మాత్రం మీ బామ్మర్ది తీశాడని చెప్పేద్దాం."

ఎడిటర్ భార్య వైపు చూశాడు. ఆమె ఒళ్ళో క్యాసెట్ పెట్టుకుని, ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు తలూపింది. అత్తగారు కూడా సరేనంది. అందరూ గొడుగుతో కూర్చున్న బామ్మర్ది వైపు తిరిగారు.

బామ్మర్ది ససేమిరా అన్నాడు, తను పదిమందిలో తలెత్తుకు తిరగాలి కదా అన్నాడు.