నాలుగో కాపీ

ఆ ఉదయం గౌతమి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినాలి, ఉప్పల్‌లో మెట్రో ఎక్కాలి, యూనివర్సిటీ ఇంటర్వ్యూలో ఉద్యోగం కొట్టుకురావాలి. పాత రికార్డులను కాపాడే విద్య నేర్పే విభాగంలో ఏళ్ల తరబడి గెస్ట్ లెక్చరర్‌గా నలిగింది. పర్మనెంట్ పోస్టు ఇన్నాళ్లకు పడింది. ఈసారి వదిలేది లేదు.

నాచారంలో మూతపడ్డ ఒక మిల్లు ఫోటోలు, కార్మికుల గుర్తింపు కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించి ప్రెజెంటేషన్ చేసింది. దానికి మూడు కాపీలు: లాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. క్లౌడ్‌ను నమ్మదు, అది పరాయివాళ్ల బీరువా అంటుంది. "ఒక కాపీ ఇల్లు దాటాలె, ఒకటి తాళంల ఉండాలె" అన్న ఆమె పాఠం వినీ వినీ ఇంట్లోవాళ్లకు కంఠతా వచ్చేసింది. అదే కొంప ముంచింది.

లాప్‌టాప్ తెరిస్తే నీలం తెర మీద చక్రం తిరుగుతోంది. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భర్త విక్రమ్‌కు ఫోన్ చేసింది.

"అప్‌డేట్ పెట్టొచ్చిన. ఇంటర్వ్యూ గదా, లాప్‌టాప్ మంచిగుండాలె."

"ఎప్పుడైతది?"

"సాయంత్రం దాంక పట్టొచ్చు. ఫికర్ జెయ్యకు, హార్డ్ డిస్క్ నేను తెచ్చిన. ఒక కాపీ ఇల్లు దాటాలె అన్నవ్ గదా."

"ఆటోల వస్త. గేటు కాడికి పట్కరా."

"గేటు కాడనే ఉన్నది. డిస్కులు లోపలికి తేవొద్దంట, సెక్యూరిటీవాళ్లు గుంజుకున్నరు. మేనేజర్ సంతకం పెడితేనే ఇస్తరు. ఆయన లీవుల ఉన్నడు."

గౌతమి పళ్లు నూరుకుంటూ పెన్‌డ్రైవ్ పెట్టిన సొరుగు లాగింది. ఖాళీ. పీర్జాదిగూడలో సీమంతానికి వెళ్లిన అత్తగారు లక్ష్మీనర్సమ్మకు ఫోన్ కలిపింది.

"గా పెన్‌డ్రైవా? బీరువా లాకర్ల పెట్టిన బిడ్డా, నా బంగారం పక్కపొంటి. తాళంల ఉండాలె అంటివి గదా."

"తాళం చెవి ఏది అత్తమ్మా?"

"నా బొడ్లనే ఉన్నది. ఎవ్వలూ ముట్టలేరు!"

రింగురోడ్డు ట్రాఫిక్‌లో పీర్జాదిగూడ వెళ్లొచ్చేసరికి ఇంటర్వ్యూ కాస్తా అయిపోతుంది. మూడు కాపీలూ చెక్కుచెదరలేదు, ఒక్కటీ చేతికి రాదు. గౌతమికి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైం లేదని చెప్పులేసుకుంది.

ఇక మిగిలింది నాచారం చౌరస్తాలో ఉపేందర్ జిరాక్స్ షాపు. తలుచుకుంటేనే సిగ్గేసింది. పోయిన నెల దరఖాస్తుకు జతచేయడానికి ఆ ప్రెజెంటేషన్ అక్కడే ప్రింటు తీయించింది. కంప్యూటర్ తెర నిండా ఊరందరి ఆధార్ కార్డులు, అద్దె అగ్రిమెంట్లు, పెళ్లిపత్రికలు చూసి మండిపడింది. తన ఫైలు తీసేస్తానని ఉపేందర్ చేత ఒట్టు పెట్టించుకుని మరీ వచ్చింది.

ఆమెను చూడగానే ఉపేందర్ లేచి నిలబడ్డాడు.

"తీసేసిన మేడం! మా అమ్మ మీద ఒట్టు!"

"తియ్యలేదని చెప్పన్నా."

"ఎందుకు చెప్త? నేను గసొంటోణ్ని గాదు."

"నిజం చెప్పు. ఏమనను."

"పోయినసారి గూడ గిట్లనే మెల్లగ మొదలువెట్టిన్రు మేడం."

గౌతమి చేతులు జోడించింది. "అన్నా, ఆ ఫైలు లేకుంటే నా నౌకరీ పోతది."

ఉపేందర్ అటూ ఇటూ చూసి మౌస్ కదిపాడు. ఎవరిదో కులం సర్టిఫికెట్ పక్కన ఫైలు హాయిగా ఉంది. ఆమె కోపానికి గుర్తుగా అతను దానికి పెట్టుకున్న పేరు 'గుస్సా మేడం'. పేరు మార్చే తీరిక లేదు. అక్కడే కొత్త పెన్‌డ్రైవ్ కొని, అందులో వేయించుకుని మెట్రోకి పరుగెత్తింది.

ఇంటర్వ్యూలో తెర మీద ముందు ఆ పేరే పడింది. కమిటీ పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇదేంటమ్మా?"

"నాలుగో కాపీ సర్." గౌతమి దాచకుండా జరిగిందంతా చెప్పేసింది. "ఇంట్లోవాళ్లకు దాచడం నేర్పాను, మళ్లీ తీసివ్వడం నేర్పలేదు. ఉద్యోగమిస్తే పిల్లలకు రెండూ నేర్పుతాను."

పెద్దాయన నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగాడు.

ఆర్డరు చేతికొచ్చిన రోజు గౌతమి స్వీట్ డబ్బాతో షాపుకెళ్లింది. ఉపేందర్ లడ్డు నములుతూ భయంభయంగా అడిగాడు.

"మేడం, ఇప్పుడన్న డిలీట్ కొట్టాల్నా?"

గౌతమి తెర వంక చూసింది. ఎంతైనా ఇప్పుడామె అసిస్టెంట్ ప్రొఫెసర్.

"జనాల కాయితాలు గట్ల పెట్టుకోవద్దన్నా. అందరియి తీసెయ్. నాదొక్కటి ఉండనీ."

"అందరు గదే చెప్పిన్రు మేడం," అన్నాడు ఉపేందర్.