కాస్పర్ రాజీనామా యాత్ర

ఆ ఆదివారం పొద్దున నిద్ర లేస్తూనే, ఈ రోజుతో పీడ విరగడైపోవాలని కాస్పర్ గట్టిగా అనుకున్నాడు. పీడ అంటే కొండ లోయలోని వాళ్ళ ఊరి గాయక బృందం ఏటా చేసే విహారయాత్ర. ఎప్పుడో ఒకసారి ఎవరో "ఈసారి కాస్పర్ చూసుకుంటాడులే" అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు, అంతే. ఆ లోయల్లో సంఘాల పదవులన్నీ అలాగే వస్తాయి. ఎక్కడానికి చప్పట్లు చాలు. దిగడానికి మాత్రం తన బదులు ఇంకో మనిషిని తెచ్చి నిలబెట్టాలి. అలాంటి మనిషి దొరక్క కాస్పర్ జుట్టు తెల్లబడింది, మోకాలు అరిగింది. వేసవి మొదలైన దగ్గర్నుంచీ ఒకటే ఫోన్లు. ఒకరికి ఎత్తు పడదు, ఒకరికి ఎండ పడదు, ఒకరికి ఇంకొకరు పడరు.

ఈ ఏడు దేవుడు కరుణించినట్టే కనిపించింది. మందుల షాపు రెగులా కొత్తగా బృందంలో చేరింది. ఉత్సాహం ఇంకా చల్లారలేదు. "ఈ యాత్ర సాఫీగా జరిగి, ఇదేమంత బ్రహ్మవిద్య కాదని నాకు అనిపిస్తే, వచ్చే ఏడు నుంచి నేనే చూసుకుంటాను కాస్పర్ గారూ" అని మాటిచ్చింది. అందుకని కాస్పర్ ఈసారి పసిపిల్లలైనా చెయ్యగలిగే యాత్ర పెట్టాడు. పక్క లోయకు బస్సులో వెళ్ళడం, పైకప్పు ఉన్న పాత చెక్క వంతెన చూడడం, రాబెన్‌ఫ్లూ కోటకు నడవడం, అక్కడ నిప్పు రాజేసి సాసేజీలు కాల్చుకు తినడం, దిగి రావడం.

"ఇవాళ మానేస్తున్నానని చెప్పకుండా ఇంటికొచ్చావో, రాత్రికి బయట బెంచీ మీదే పడుకుందువుగాని" అంది భార్య ఎల్స్‌బెత్, ఫ్లాస్కు సంచీలో పెడుతూ.

"చెప్తానే. సాయంత్రం దిగొచ్చాక చెప్పేస్తాను. రెగులా ఒప్పుకుంది."

"కిందటిసారి ఆల్బిన్ కూడా ఒప్పుకున్నాడు."

"అప్పుడు వానొచ్చింది. ఇవాళ ఆకాశం చూడు, అద్దంలా ఉంది."

ఎల్స్‌బెత్ ఆకాశం చూడలేదు, మొగుడి ముఖమే చూసింది. కాస్పర్ బూట్లు తొడుక్కున్నాడు.

కొండ ఊళ్ళకు తిరిగే పసుపుపచ్చ పోస్టు బస్సు కదిలీ కదలకముందే గోల మొదలైంది. "కిందటేడు నాకు కిటికీ పక్కన చోటిచ్చావు" అని బృందం అధ్యక్షురాలు హెడ్విగ్ గుర్తు చేసింది. ఆవిడ పెద్దది, ఆవిడ గుర్తు చేసిందంటే ఎవరో ఒకరు లేవాల్సిందే. కాస్పర్ లేచాడు. వంతెన దగ్గర ఆల్బిన్ పెదవి విరిచాడు. ఆల్బిన్ బృందంలో మంద్రస్థాయి గొంతు, కాస్పర్‌తో కలిసి బడికెళ్ళినవాడు.

"ముందెప్పుడో ఒకటి చూపించావు చూడు, అది ఇంతకంటే పొడుగు."

"అది ఇదేరా."

"మరి కురచగా ఉందేం?"

రెగులా ఇదంతా చూస్తూ ఉంది. ఆమె ముఖంలో ఉత్సాహం ఒక వాసి తగ్గినట్టనిపించింది కాస్పర్‌కు. "ఇదేం లేదమ్మా, వీళ్ళు ఏటా ఇంతే. కాసేపటికి అలసిపోయి ఊరుకుంటారు" అన్నాడు. నిజానికి అలసిపోయేది తనొక్కడేనని అతనికి తెలుసు.

కోటకు వెళ్ళే దారి పచ్చిక బీళ్ళ మధ్యగా పోతుంది. అడుగడుక్కీ కంచె, కంచెకో గేటు. తెరవాలి, అందరూ దాటాలి, ఆఖరివాళ్ళు మూసి గడియ వెయ్యాలి. అక్కడ పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. కాస్పర్ మరీనూ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కొండ మీది ఇళ్ళకు ఉత్తరాలు పంచినవాడు, నిద్రలో కూడా గేటు మూసే మనిషి. సగం కొండ ఎక్కాక ఒక గేటు బార్లా తెరిచి కనిపించింది. పైనుంచి వచ్చే పశువుల బాట అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి ఆ గేటు గుండా ఊళ్ళోకి దిగుతుంది, ఇంకొకటి కోటకు పోతుంది.

"చూశావా, పట్నం వాళ్ళ పని" అన్నాడు ఆల్బిన్.

"సిగ్గులేని జనం" అంది హెడ్విగ్.

అందరూ దాటాక కాస్పర్ నిట్టూర్చి వెనక్కి నడిచాడు. గేటు మూసి గడియ వేశాడు. గాలికి ఊడకుండా పక్కనే వేలాడుతున్న గొలుసు కూడా చుట్టాడు. ఆ రోజు మొత్తానికి ఒక మంచి పని చేశానన్న తృప్తి కలిగింది.

కోట అంటే మూడు గోడలూ, ఒక కమానూ. కమానుకు పంచాయతీవాళ్ళు పశువులు జొరబడకుండా చెక్క గేటు పెట్టించారు. అది లోపలికి తెరుచుకుంటుంది. అందరూ లోపల కూర్చుని సంచులు విప్పారు. రెగులా తన చేత్తో చేసిన రేగుపండ్ల కేకు బయటికి తీసింది. ఆల్బిన్ కట్టెలు తేవడానికి వెళ్తూ "చేతుల నిండా మోపుంటుంది, గేటు తెరిచి ఉంచు" అన్నాడు. కాస్పర్‌కు మనసొప్పలేదు గానీ వాదించే ఓపిక లేదు.

కాసేపటికి దూరంగా గంటలు వినిపించాయి.

"వేసవంతా కొండ మీద మేసిన ఆవులు దిగుతున్నట్టున్నాయి" అంది రెగులా మురిసిపోతూ. "మీరు కావాలనే ఈ రోజు పెట్టారా కాస్పర్ గారూ?"

"వచ్చే వారం కదా దిగాల్సింది" అన్నాడు కాస్పర్.

గంటలు దగ్గరయ్యాయి. ఇంకా దగ్గరయ్యాయి. నెత్తి మీద పూల కిరీటం, మెడలో బిందె అంత గంటతో ఒక గోధుమరంగు ఆవు కమానులోంచి తొంగిచూసింది. దర్జాగా లోపలికొచ్చింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మంద మొత్తం. బృందమంతా కిందా మీదా పడి వెనక గోడ దగ్గరికి చేరింది. ముందొచ్చిన ఆవు తీరిగ్గా రేగుపండ్ల కేకు తిని, రెగులా వైపు ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

జరిగిందేమిటంటే, మంచు ముందుగా పడేలా ఉందని కింద ఊరి రైతు స్టుక్కి తన ఆవులను వారం ముందే కొండ దింపేస్తున్నాడు. దారిలో ఎక్కడా ఆగక్కర్లేకుండా పొద్దున్నే గేటు తెరిపించి పెట్టుకున్నాడు. ఒక పెయ్య నెత్తి మీది కిరీటం ఊడిపోతే కట్టడానికి వెనక ఆగాడు. దారి తెలిసిన ముందావు ఫ్లోరా మందను నడిపించుకుంటూ వచ్చింది, గేటు మూసి ఉండేసరికి కనిపించిన రెండో దారి పట్టింది. ఆవులు దిగే రోజు ఆ ఊళ్ళకు పండగే; కింద ఊరి చావిడి దగ్గర బ్యాండు మేళం, వైను గ్లాసులు పట్టుకున్న జనం ఎదురుచూస్తూ నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు ఆల్బిన్ కట్టెల మోపుతో తిరిగొచ్చాడు. లోపల పశువులున్నాయి, గేటు తెరిచి ఉంది. ఆ దేశంలో పుట్టినవాడు ఏం చెయ్యాలో అదే చేశాడు. మోపు దించి, బయటినుంచి గేటు మూసి, గడియ వేశాడు.

"ఒరేయ్ ఆల్బిన్! తెరవరా!" అని అరిచాడు కాస్పర్.

"తెరిస్తే ఆవులు బయటికి పోవూ?"

"పోనీరా, పోవడానికే!"

ఆల్బిన్ గడియ తీశాడు. కానీ ఈలోగా నాలుగావులు గేటుకు ఆనుకుని నిలబడ్డాయి. లోపలికి తెరుచుకునే గేటు వేలెడంత కూడా కదల్లేదు. అంతలో స్టుక్కి రొప్పుతూ వచ్చి చేరాడు. "ఫ్లోరా! రా తల్లీ, రా!" అని బయట నుంచి పిలిచాడు. యజమాని గొంతు వినగానే మిగతా మంద కూడా గేటు వైపు తోసుకొచ్చింది. అతను ఎంత పిలిస్తే అవి అంత బిగుసుకున్నాయి.

"నా గేటు మూసిన వెధవెవడు?" అని గోడ అవతల నుంచి స్టుక్కి కేక వినిపించింది.

లోపల అందరూ చూపులు దించుకున్నారు. రెగులా స్కర్టు నిండా కేకు మరకలు. హెడ్విగ్ టోపీ పేడలో ఉంది. కాస్పర్ అదంతా ఒకసారి కలయజూశాడు. అప్పుడతనికి మెల్లగా వెలిగింది. యాత్ర సాఫీగా జరిగితే దిగిపోవచ్చని కదా ఇన్నాళ్ళూ తాపత్రయపడింది. ఇంత ఘోరం జరిగాక వీళ్ళే తనను మెడపట్టి గెంటేస్తారు. వేరే మనిషిని వెతకక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. పొద్దుటి నుంచీ మొదటిసారి అతనికి ఒళ్ళు తేలికైంది.

"నేనే!" అని కేకేశాడు. "గేటు మూసింది నేనే! గొలుసు కూడా చుట్టాను! ఎవరి తప్పూ లేదు, అంతా నాదే!"

"ముసలాయనకి మతిపోయింది" అంది హెడ్విగ్. అయినా ఆవిడ అధ్యక్షురాలు, ఊరికే కూర్చోలేదు. "ఈ ఆవులు గేటు వదిలి మన వైపు తిరగాలి, అంతే కదా. మా నాన్న పాలు పితికేటప్పుడు పాడేవాడు, ఎంత పొగరుబోతు ఆవైనా మెడ తిప్పేది. లేవండి, అందరూ లేవండి. కాస్పర్, పాట నువ్వెత్తుకో."

కాస్పర్ ఎత్తుకున్నాడు. పశువులను ఇంటికి పిలిచే పాత పాట అది. ఏళ్ళ తరబడి ప్రతి యాత్రలోనూ టైమూ, బస్సూ, మనుషుల లెక్కా చూసుకుంటూ సగం గొంతుతో పాడినవాడు, ఇవాళ ఇక చూసుకోవాల్సిందేమీ లేదన్న ధీమాతో గుండెల నిండా ఊపిరి తీసి పాడాడు. అతని గొంతులో అంతుందని ఎవరూ అనుకోలేదు. మిగతావాళ్ళు వెనక నుంచి అందుకున్నారు. గోడ బయట నుంచి ఆల్బిన్ మంద్రం కలిపాడు. పాడుతూ ఉంటే కాస్పర్ కళ్ళు చెమర్చాయి. ఇదే ఆఖరిది అనుకున్నాడు. నిజంగానే సంతోషం ఆగలేదు.

ఫ్లోరా మెడ తిప్పింది. ఒక్కొక్కటే ఆవులు గేటు వదిలి వచ్చి, అతని ముందు అర్ధచంద్రాకారంగా నిలబడ్డాయి. గేటు తెరుచుకుంది. స్టుక్కి ఒక్కడే కాదు, మంద కోటలో చిక్కుకుందని తెలిసి కింద ఊరి జనమంతా బ్యాండు మేళంతో సహా కొండెక్కి వచ్చేసింది. విరిగిన గోడల మీద నుంచి, కమానులోంచి తలలు.

పాట అయిపోయాక స్టుక్కి కాస్పర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తిట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, ముక్కు తుడుచుకున్నాడు. "మా నాయన పోయాక ఈ పాట ఇలా విన్లేదయ్యా" అన్నాడు. ఎవరో అతని చేతిలో వైను గ్లాసు పెట్టారు, అతను అది కాస్పర్ చేతిలో పెట్టాడు.

కాస్పర్‌కు ప్రమాదం అర్థమైంది. గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "అందరూ వినండి. ఇవాళ జరిగిన దానికి బాధ్యత నాది. నేను యాత్రల పదవికి రాజీనామా చేస్తున్నాను. రెగులా ఒప్పుకుంది..."

"నేనా?" రెగులా రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో! ఇంత గొప్పగా ఎవరు చెయ్యగలరండీ? కోటలో కచేరీ, పూల కిరీటాల ఆవులు, బ్యాండు మేళం! మీ తర్వాత నేనొచ్చి ఏం చూపించను?"

"రాజీనామా ఏమిటయ్యా?" అంది హెడ్విగ్, పేడ దులిపిన టోపీ నెత్తిన పెట్టుకుంటూ. "ఇన్నాళ్ళకి ఒక యాత్ర బాగా చేశావు."

ముందు చప్పట్లు కొట్టింది రెగులాయే. ఆల్బిన్ అందుకున్నాడు, తర్వాత బృందం, తర్వాత ఊరు మొత్తం. బ్యాండువాళ్ళు డోలు కూడా వాయించారు. ఆ లోయల్లో దాన్ని ఏకగ్రీవ ఎన్నిక అంటారు. కాస్పర్ ఏదో చెప్పబోయాడు గానీ ఆవుల గంటల్లో ఎవరికీ వినిపించలేదు.

వచ్చే ఏడాదికి ఆవులను మాట్లాడి పెట్టే పని కూడా అతనికే అప్పగించారు.