మూడు రబ్బర్ల ప్రోగ్రెస్ రిపోర్టు

ఆత్మవిశ్వాసం ఉన్న తల్లిదండ్రుల దగ్గర పిల్లల్ని ఉంచకూడదు. వీలైతే దీనికో చట్టం తేవాలని నా కోరిక!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. ఏడాదిన్నరగా మా అమ్మాయికి ఇంట్లోనే చదువు చెబుతున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ స్కూలుకి హెడ్మాస్టర్నీ, లెక్కల మాస్టార్నీ, గంట కొట్టే ప్యూన్నీ నేనే. ఇన్ని పదవులనూ ఒకే ఒక్క అర్హతతో నెట్టుకొస్తున్నాను. ఆ అర్హత పేరు అనుమానం.

మామూలు స్కూల్లో టీచరుకి అనుమానం ఉంటుందా? సోమవారం మొదలుపెట్టిన పాఠం శుక్రవారానికి ముగించి, బ్యాగు భుజాన వేసుకుని హాయిగా ఇంటికి పోతుంది. నా సంగతి అలా కాదు. సోమవారం భిన్నాలు మొదలుపెడతాను. మంగళవారం పొద్దున్నే ఫోన్‌లో ఒక మేధావి ప్రత్యక్షమై, పదేళ్ళు నిండేదాకా పిల్లలకు లెక్కలు చూపించడమే మహాపాపమంటాడు. భిన్నాల పుస్తకం బీరువా ఎక్కుతుంది. బుధవారం మా ఇంటి చదువుల గ్రూపులో ఒక తల్లి ఫోటో పెడుతుంది. ఆవిడ ఏడేళ్ళ కూతురు ఆల్జీబ్రా పూర్తి చేసేసి, ఏమీ తోచక దిగాలుగా కూర్చుందట! పుస్తకం మళ్ళీ బీరువా దిగుతుంది. ఒకే పాఠాన్ని ఇన్నిసార్లు మొదలుపెట్టే స్కూలు ఇంకెక్కడైనా ఉందేమో మీరే చెప్పండి.

అనుమానం ఆరోగ్యానికి కూడా మంచిది. మా పై ఫ్లాటులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంటారు. లిఫ్టులో కనబడిన ప్రతిసారీ మా పాపని ఏడెనిమిదులెంత అని అడుగుతారు. పాప చెబుతుందో లేదోనని నాకు అనుమానం. అందుకని తండ్రీకూతుళ్ళిద్దరం నాలుగు అంతస్తులూ మెట్లెక్కుతున్నాం. మా ఇంటి స్కూలు రిజిస్టర్లో ‘పీటీ: ప్రతిరోజూ’ అని రాసుకున్నాను. పాప కాలింగ్ బెల్ విప్పేసి తిరిగి బిగించలేకపోయిన రోజున ‘ఇంజినీరింగ్: ప్రారంభం’ అని రాశాను. ఆనాటి నుంచీ మా ఇంటికొచ్చేవాళ్ళు తలుపు బాదుతున్నారు.

ఈ రిజిస్టరు గురించి మీకు చెప్పాలి. మిక్సీలూ ఫ్యాన్లూ కొన్నవాళ్ళు చదవకుండా అవతల పడేసే చిన్న పుస్తకాలుంటాయే, అవి రాయడం నా ఉద్యోగం. ఎవరూ చదవని వాటిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయడం నాకు అలవాటే. పాప ఎన్ని పేజీలు చదివిందో, ఎన్ని పెన్సిళ్ళు అరగదీసిందో, ఎన్నిసార్లు ఆవలించిందో అన్నీ అందులో ఉన్నాయి. అయినా ఆవలింతలు నిద్ర వల్లనా, నా పాఠం వల్లనా అనే అనుమానం తీరలేదు.

నెలాఖరు శనివారం పేరెంట్స్ మీటింగ్. డైనింగ్ టేబుల్‌కి అవతల టీచరు, అంటే నేను. ఇవతల పేరెంట్స్, అంటే మా ఆవిడా, ఆమె పక్కన ఒక ఖాళీ కుర్చీ. టీచరుగా చెప్పాల్సింది చెప్పేశాక, లేచి టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, తండ్రి హోదాలో టీచర్ని నిలదీస్తాను. కిందటి నెల టీచరు ఇచ్చిన సంజాయిషీ నాకు ఏమాత్రం నచ్చలేదు!

ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. స్కూలు గేటు కనబడగానే మా పాపకి కడుపునొప్పి వచ్చేది. క్లాసులో నోరు విప్పేది కాదు. జవాబు తెలిసి కూడా చెయ్యెత్తేది కాదు. మీ అమ్మాయి కాస్త స్లో అండీ అని చెప్పి అక్కడి టీచర్లు చేతులు దులుపుకున్నారు. ఆ రోజే స్కూలు మానిపించాను. ఆ పిల్లకి చదువంటే భయం పోవాలి. మా ఇంటి స్కూలు పెట్టింది అందుకే, ఇంక దేనికీ కాదు.

ఈ నెల మీటింగులో టీచరుగా నేను మంచి ఊపు మీద ఉన్నాను. ‘రబ్బర్లు: మూడు. శ్రద్ధ: అమోఘం’ అని గట్టిగా చదివాను. ఒక్క నెలలో మూడు రబ్బర్లు అరిగాయంటే పిల్ల ఎంత కష్టపడుతోందో ఆలోచించండి!

మా ఆవిడ ఆలోచించింది. ఆమె కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా జనం కళ్ళలోకి చూసే మనిషికి ఏదీ ఓ పట్టాన నచ్చదు.

“చెరిపింది తప్పులా, రైట్లా?” అని అడిగింది.

ఆ కాలమ్ రిజిస్టర్లో లేదు. ఆమె లెక్కల నోటుబుక్కు తీసి, కిటికీ దగ్గర వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. రబ్బరుతో ఎంత రుద్దినా పెన్సిలు నొక్కిన జాడలు పోలేదు. ఇద్దరం ఒక్కొక్కటే చదివాం. ఒకటో రెండో తప్ప పాప మొదట రాసిన జవాబులన్నీ సరైనవే. సరైనవి చెరిపి, వాటి మీద తప్పులు రాసింది. కొన్నిచోట్ల తప్పు కూడా చెరిపి మళ్ళీ మొదటిదే రాసింది.

“మా షాపులో బోర్డు మీద అక్షరం ఆననివాళ్ళు నా మొహం చూస్తారండీ,” అంది మా ఆవిడ. “నా కనుబొమ్మ కదిలితే చాలు, ఇంకో అక్షరం చెబుతారు. అందుకే నేను వాళ్ళ వెనక నిలబడతాను. మీరేమో పాప ఎదురుగా కూర్చుంటున్నారు.”

పాప నలభై రెండు అని రాయగానే, ఇది నిజంగా వచ్చి రాసిందా, గుడ్డిగా తగిలిందా అని నాలో అనుమానం లేచేది. దాంతో పాటే కనుబొమ్మ కూడా లేచేదన్నమాట! పిల్ల ఆ కనుబొమ్మను చదువుకుని, రబ్బరు అందుకునేది. ఏడాదిన్నరగా నేను తనని పరీక్షిస్తున్నానని అనుకున్నాను. తను నన్ను కనిపెట్టుకుని బతుకుతోంది.

సోమవారం కుర్చీ తీసుకెళ్ళి పాప వెనకాల వేసుకున్నాను. ఎందుకని అడిగితే వెన్నునొప్పి అన్నాను. పాప కాసేపు కదిలింది, ఒకటి రెండుసార్లు మెడ తిప్పింది. తర్వాత లెక్కలు మొదలుపెట్టింది. ఎనిమిది లెక్కలు చేసింది. రబ్బరు జోలికే పోలేదు. నేను మాత్రం వెనకాల కుర్చీ కిర్రుమనేలా అటూ ఇటూ కదులుతున్నాను. ఎందులో తప్పు చేసిందో, చూడాలో వద్దో, చూస్తే చెప్పాలో వద్దో!

“నాన్నా, భయంగా ఉందా నీకు?” అంది పాప, వెనక్కి తిరక్కుండానే.

భయమెందుకన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

“నిజం చెప్పు. మార్కులు తగ్గించనులే.”

“కొంచెం,” అన్నాను.

“నాకూ స్కూల్లో అలాగే ఉండేది. ఇంట్లో కూడా ఉండేది, నువ్వు ఎదురుగా కూర్చున్నన్నాళ్ళూ,” అంది పాప. పేజీ తిప్పి తొమ్మిదో లెక్క మొదలుపెట్టింది.