మా లేట్ నానమ్మ

ఆ శనివారం ఉదయం పవన్‌కుమార్ మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పిల్లలు రాసుకొచ్చిన ఇంగ్లీషు కథలు చదవాలి, ఒకటి ఎంచి విజయవాడ పంపాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లి పప్పుచారు పోసుకుని తిని పడుకోవాలి. గన్నవరం దగ్గరి ఆ హైస్కూల్లో ఆయన శనివారాలు ఇంగ్లీషు క్లబ్బు నడుపుతారు. క్లబ్బులో తెలుగు మాట వినపడిందా, ఆయనకు ఎక్కడలేని కోపం వస్తుంది. మంచివాడే పాపం, ఆ ఒక్క విషయంలోనే కాస్త తిక్క.

తొమ్మిదో తరగతి ఏంజెల్‌కి మాత్రం అది చిన్న రోజు కాదు. విజయవాడలో జరిగే వేసవి రచనా శిబిరానికి స్కూలుకి ఒక్కటే సీటు. పిల్ల ఆ సీటు మీదే ప్రాణం పెట్టుకుంది. తెలుగులో కబుర్లు చెప్పమంటే ఊపిరి తీసుకోదు. ఇంగ్లీషులో నోరు తెరిస్తే రెండో మాటకే ఆగిపోతుంది. రాయడమైతే డిక్షనరీ పక్కన పెట్టుకుని ఎలాగో రాసేస్తుంది.

ప్రతి నామవాచకం ముందూ ఒక విశేషణం పడాలని మాస్టారు కిందటి వారం చెప్పారు. ఏంజెల్ నానమ్మ గురించి రాసింది. నానమ్మ తెరేసమ్మకు తగిన విశేషణం కోసం ఆట్టే వెతుక్కోలేదు. తనకు బుద్ధి తెలిశాక నానమ్మ ఆదివారం చర్చిలో పూజకి టైముకి వచ్చింది లేదు. అందుకని పైన పెద్దక్షరాలతో 'మై లేట్ గ్రాండ్‌మదర్' అని పెట్టి, పక్కనే నానమ్మ ఫొటో అంటించింది.

మాస్టారు చదివారు. చర్చిలో నానమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంటుందట. అక్కడ ఇంకెవరూ కూర్చోకుండా పిల్ల చేతిరుమాలు పరుస్తుందట. పాట పాడుతున్నంతసేపూ గుమ్మం వైపే చూస్తుందట. మాస్టారి కళ్లజోడు మసకబారింది.

"వెన్, ఏంజెల్?" అన్నారు గొంతు తగ్గించి.

"ఎవ్రీ సండే, సార్."

ప్రతి ఆదివారం ఆవిడ ఆత్మశాంతికి పూజ పెట్టిస్తున్నారు కాబోలు అనుకున్నారాయన. "హౌ?"

"బికాజ్ శారీ, సార్."

కుచ్చిళ్లు కుదిరేదాకా తెరేసమ్మ గడప దాటదు మరి. మాస్టారికి మాత్రం మోటార్‌సైకిల్ చక్రంలో చుట్టుకున్న చీరకొంగు కళ్లముందు మెదిలింది.

"యువర్ ఫాదర్?"

"వెరీ యాంగ్రీ, సార్. షౌటింగ్ ఇన్ మైక్."

ఏంజెల్ చెప్పింది చర్చి ఫాదర్ శౌరయ్య గారి గురించి. కన్నతండ్రి దుఃఖంతో మతి తప్పి మైకులో అరుస్తున్నాడని మాస్టారు అర్థం చేసుకున్నారు.

"లెట్ అజ్ ప్రే ఫర్ హర్ గ్రాండ్‌మదర్," అని క్లబ్బునంతా లేపి నిలబెట్టారు. నానమ్మ రేపైనా టైముకి రావాలని ప్రార్థిస్తున్నారనుకుని, అందరికంటే భక్తిగా కళ్లు మూసుకుంది ఏంజెలే.

శిబిరం నడిపే రాజ్యలక్ష్మి గారికి మాస్టారు ఆ కథను ఫోన్లో పంపి, విషాదం కూడా వివరించారు. కాసేపటికి ఆవిడే ఫోన్ చేశారు.

"చదువుతుంటే ఏడుపొచ్చేసిందండీ. కానీ మాకు కావలసింది కల్పిత కథ కదా. పిల్ల నిజంగా పడ్డ బాధకి మార్కులు ఎలా వేస్తామండీ? ఇంకెవరిదైనా పంపండి."

"నో సీట్, ఏంజెల్. ట్రూ స్టోరీ," అన్నారు మాస్టారు బరువుగా.

నిజం రాస్తే సీటెందుకివ్వరో ఇంగ్లీషులో అడగడం చేతకాక ఏంజెల్ బావురుమంది. అలాగే ఏడుస్తూ సైకిలెక్కి ఇంటికెళ్లిపోయింది. ఆ ఏడుపు చూశాక మాస్టారు ఉండబట్టలేకపోయారు. క్లబ్బులో మనోజ్ఞ వాళ్ల నాన్నకి ఫ్లెక్సీ షాపుంది. సాయంత్రానికల్లా పూలదండ, ఫ్లెక్సీ, క్లబ్బు పిల్లలతో సహా మాస్టారు పక్క ఊళ్లోని ఏంజెల్ ఇంటిముందు దిగారు. తెరేసమ్మ నిలువెత్తు ఫొటో కింద 'కన్నీటి నివాళి, లేట్ తెరేసమ్మ గారు' అని ఉంది.

తలుపు తీసింది తెరేసమ్మ గారే.

మాస్టారి చేతిలో దండ జారిపోయింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఫ్లెక్సీ అంతా కూడబలుక్కుంటూ చదివింది.

"లేటే. నేను కాదన్ను. ఫాదర్ గారు ఎటూ మైకులో తిడుతూనే ఉన్నారు. మళ్లీ ఫ్లెక్సీ కూడా వేయించాలా మేష్టారూ? అయినా కన్నీళ్లు పెట్టుకునేంత లేటేం కాదండీ!" అని, ఇంకోసారి చూసి, "ఫొటోలో కుచ్చిళ్లు మాత్రం బాగా కుదిరాయి," అంది.

మాస్టారికి అప్పుడు వెలిగింది. అరుగు మీద కూలబడ్డారు. మీరు పోయారనుకున్నామని ఆవిడ మొహం మీద ఎలా చెప్పడం? చెప్పలేక, ఏంజెల్ రాసిందంతా తెలుగులో వినిపించారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వాళ్ల సారు తెలుగు విన్నారు. రుమాలు సంగతి దగ్గరికొచ్చేసరికి తెరేసమ్మ కళ్లజోడు తీసేసింది.

"నా కోసం అంతసేపూ గుమ్మం వంక చూస్తావుటే పిచ్చిదానా?" అని, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మనవరాలిని దగ్గరికి లాక్కుంది. నవ్వుతూ చెప్పుకోవలసిన కథే గానీ, అక్కడున్నవాళ్లలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు.

సరిగ్గా అప్పుడే పిల్లను ఓదారుద్దామని రాజ్యలక్ష్మి గారు వీడియో కాల్ చేశారు. మాస్టారు ఫోను తెరేసమ్మ వైపు తిప్పారు.

"మేడమ్, వీరేనండి నానమ్మ గారు."

"బతికే ఉన్నారా?" రాజ్యలక్ష్మి గారు కుర్చీలోంచి లేచిపోయారు. "అంటే ఆ ఖాళీ బెంచీ, ఆ రుమాలు, అంతా కల్పనేనా! ఈ వయసులో ఏం ఊహండీ! సీటు ఆ పిల్లదే!"

మాస్టారు నిజం చెబుదామని నోరు తెరిచారు. ఏంజెల్ వాచిన కళ్లు చూసి మూసేశారు.

ఒక్క ముక్క కూడా కల్పించి రాయని ఏంజెల్, ఆ వేసవిలో కల్పనా రచయిత్రిగా విజయవాడ బస్సెక్కింది.