ఐదో రోజు కచేరి

ఆ రోజు పొద్దున హజరత్తయ్య అనుకున్నది చాలా చిన్న పని. సంచిలో ఉన్న పదకొండు ఉత్తరాలూ ఎండ ముదరకముందే పంచేసి, ఇంటికెళ్లి, మజ్జిగ పోసుకుని చద్దన్నం తిని, నడుం వాల్చాలి. అంతకుమించి ఆ రోజు నుంచి అతను కోరుకున్నదేమీ లేదు.

చిట్టమూరుకూ సముద్రానికీ మధ్యన ఉన్న నల్లతోపులో అతను పంతొమ్మిదేళ్లుగా పోస్టుమాను. ఊళ్లో అతనంత భయస్తుడు ఇంకొకడు లేడని అతని భార్య వెంకటశేషమ్మే చెబుతుంది. కార్డు చేతికొస్తే చిరునామా వైపే చూస్తాడు. రెండో వైపు పొరపాటున ఒక్క అక్షరం కంట్లో పడినా ఉద్యోగం ఊడుతుందని అతని నమ్మకం.

శ్రీరామనవమి పందిట్లో ఐదు రోజుల కచేరీలు మొదలవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. కరపత్రాలు వచ్చేశాయి. నాలుగు రోజులకు నాలుగు పేర్లు అచ్చువేశారు గాని, ఐదో రోజుకు మాత్రం పెద్దక్షరాలతో 'ప్రముఖ విద్వాంసుల కచేరి' అని వేసి ఊరుకున్నారు. ఆ ఒక్క వాక్యం ఊరిని రెండుగా చీల్చేసింది. రైతుల వీధుల్లో వాళ్లందరికీ పొన్నేరి కన్నాయిరం నాదస్వరం అంటే ప్రాణం. సముద్రం ఒడ్డున పట్టపుపాళెంలో వలలు లాగేవాళ్లకు వేటపాలెం జగన్నాథ భాగవతార్ హరికథ అంటే ప్రాణం. ఐదో రోజు పీట ఎవరిదైతే వాళ్లే గొప్ప. అందులో రెండో మాట లేదు.

కాఫీ హోటలు రంగనాయకులు నాదస్వరం పక్షానికి పెద్ద దిక్కు. హజరత్తయ్యను బల్ల మీద కూర్చోబెట్టి, అడక్కుండానే పొగలు కక్కే కాఫీ గ్లాసు ముందు పెట్టాడు.

"ఐదో రోజు ఎవరన్నా? ఉత్సవ కమిటీవోళ్లు ఉత్తరం రాసుంటే నీ సంచిలోనే గదా పొయ్యుండేది."

"నాకు తెలవదు రంగనాయకులూ. నేను సంచి మోస్తాను, అంతే."

"పేరు చెప్పబాక. నేనడుగుతా, నువ్వు తల ఊపు చాలు. పొన్నేరాయనేనా?"

ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి హజరత్తయ్య ఆత్రంగా ఒక గుక్క మింగాడు. కాఫీ నిప్పులా ఉంది. నాలుక కాలింది, గొంతు కాలింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తల దానంతటదే పైకీ కిందికీ ఊగింది. హోటల్లో కూర్చున్న ఏడుగురూ అది చూశారు.

"చూసినారు గదా," అన్నాడు రంగనాయకులు మెల్లగా. "సంతోషం పట్టలేక కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు."

మధ్యాహ్నానికల్లా కన్నాయిరం రాక ఖాయమైపోయింది. సాయంత్రానికి ఆయన ఎక్కే రైలూ, దిగే ఇల్లూ, తాగే పాలు పితికే ఆవూ కూడా ఖాయమయ్యాయి. హజరత్తయ్య ఆ రోజు చద్దన్నం ముట్టలేదు.

మరునాడు పట్టపుపాళెం పోయే ఇసుకదారిలో పోలేరయ్య ఎదురొచ్చాడు. రెండు పడవలున్నవాడు, భాగవతార్ కథ ఎక్కడున్నా నడిచిపోయి వినేవాడు. చేపలు కోస్తూ కోస్తూ లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో కత్తి అట్లాగే ఉంది. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. హజరత్తయ్యకు మాత్రం అది తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"ఏందబ్బా, మా భాగవతార్‌ను తీసేసినారంట?"

"తియ్యలేదన్నా," అన్నాడు హజరత్తయ్య, కత్తి వంకే చూస్తూ. "ఎవురూ ఎవుర్నీ తియ్యలేదు."

"అంటే వస్తన్నాడా?"

కత్తి కొంచెం పైకి లేచింది. పోలేరయ్య నుదుటి చెమట తుడుచుకోబోయాడు, అంతే. "రాకుండా ఎందుకుంటాడన్నా," అనేశాడు హజరత్తయ్య.

దాంతో ఇద్దరూ వస్తున్నారని తేలింది. ఊళ్లో గొడవ అక్కడితో ఆగితే బాగుండేది. ఇద్దరూ వచ్చేటప్పుడు ముందెవరు, వెనకెవరు అన్న ప్రశ్న లేచింది. వెనక, అంటే చివరి కచేరికి, కూర్చునేవాడే అసలైనవాడని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఎవరికి జనం ఎక్కువ అన్నదాని మీద లెక్కలు మొదలయ్యాయి. కన్నాయిరానికి పోయినేడు బుచ్చిరెడ్డిపాళెంలో నూటయాభై బండ్లు కట్టుకుని వచ్చారని రంగనాయకులు అన్నాడు. బండ్లు లెక్కేమిటి, భాగవతార్ కథకు మైపాడు నుంచి ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని నడిచొచ్చారని పోలేరయ్య అన్నాడు. ఓడిన పక్షానికి పెద్దగా ఉన్నవాడు మీసం తీయించుకోవాలని పందెం పడింది. ఇద్దరివీ మంచి మీసాలే.

హజరత్తయ్య ఇక నోరు తెరవకూడదని నిర్ణయించుకున్నాడు. పన్నునొప్పి అని చెప్పి, దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని ఉత్తరాలు పంచాడు. పోస్టల్ ఇన్‌స్పెక్టరు అతని నోరు కట్టించాడని, అంటే సంగతి చాలా పెద్దదని ఊరు అర్థం చేసుకుంది. ఆ మాట చిట్టమూరు చేరింది. అక్కడి నుంచి మూడు బస్సుల మీద మూడు దిక్కులకు పోయింది. తువ్వాలు కట్టుకోకముందు రెండు వందల మంది వస్తారనుకున్న ఐదో రోజుకు, తువ్వాలు విప్పేనాటికి రెండువేల మంది బయల్దేరడానికి సిద్ధమయ్యారు.

ఉత్సవాలు మొదలైన రెండో రోజు పొద్దున, అసలైన ఇన్‌స్పెక్టరే సైకిలు దిగాడు.

ఆయన పేరు క్రీస్తురాజు. సన్నటి మనిషి, తక్కువ మాటలు. పోస్టుమాస్టరు పని కూడా చూసే బడిపంతుల్ని పిల్లల దగ్గరికి పంపేసి, గది తలుపు దగ్గరికి వేశాడు. రిజిస్టర్లు చూశాడు. ముద్దర చూశాడు. లక్క కడ్డీ కూడా తిప్పి చూశాడు. హజరత్తయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నీ మీద ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందయ్యా. కమిటీవాళ్ల ఉత్తరాలు విప్పి చదివి, ఐదో రోజు సంగతి బయటపెట్టినావని."

"ప్రమాణం సార్. నేను చదవలా. అసలు చదవడానికి ఆ ఉత్తరమే లేదు సార్. పొన్నేరికి గానీ వేటపాలేనికి గానీ నా సంచిలో ఒక్క కవరు పోలేదు, ఒక్క కార్డు పోలేదు."

క్రీస్తురాజు కళ్లజోడు తీశాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పింది ఏందో తెలుసా? ఎవరికి ఉత్తరం పోయిందో చెప్పకూడదు. పోలేదని కూడా చెప్పకూడదు. ఇది ఖాయంగా నేరం."

హజరత్తయ్య పంతొమ్మిదేళ్లు కాపాడుకున్నది, తప్పు చేయలేదని చెప్పుకోబోయి పోగొట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. మూత విప్పలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, అంతదాకా లేని గొంతుతో అడిగాడు.

"నిజంగా ఒక్కటి కూడా పోలేదా?"

"లేదు సార్."

"అంటే కన్నాయిరం రావటంలేదా? నేను ఆ రోజుకు సెలవు పెట్టుకున్నానే. మా అత్తను కూడా తోడుకొస్తానని చెప్పినానే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ఎవరిని ఓదార్చాలో ఇద్దరికీ తెలియలేదు. అప్పుడే తలుపు తోసుకుని కమిటీ అధ్యక్షుడు పెంచలరెడ్డి వచ్చాడు. పెద్ద భూస్వామి, నలుగురిలో గొంతెత్తితే కాకులు లేచిపోయేవి. ఆ రోజు ఆ గొంతు లోపలికి పోయింది.

"హజరత్తయ్యా, ఒక మాట చెప్పు. వాళ్లిద్దరినీ పిలిచింది మాలో ఎవురు?"

"నన్నడుగుతున్నారేంది రెడ్డిగారూ?"

"ఎవుర్ని పిలిస్తే ఎవురికి కోపం వస్తుందోనని నేను రాయకుండా నానబెట్టినా. అంతలో ఇద్దరూ వస్తున్నారని నువ్వు చెప్పినావంట. సరే, మిగతా ఇద్దరు సభ్యుల్లో ఎవురో రాసుంటారని ఊరుకున్నా. రాత్రి వాళ్లను అడిగితే, వాళ్లు నేను రాసినాననుకున్నారంట. నీ మాట నమ్మి ఊరంతా ఊరుకునింది."

ఐదో రోజుకు ఇంకా మూడు రోజులుంది. విద్వాంసులిద్దరినీ పిలుస్తూ ఇన్‌స్పెక్టరే టెలిగ్రాములు రాసిచ్చాడు. హజరత్తయ్య సైకిలు మీద గూడూరు పోయి వాటిని కొట్టించి వచ్చాడు. ఆ తర్వాతి రెండు రోజులూ ఎద్దుల మువ్వలు వినపడినప్పుడల్లా అతను వాకిట్లోకి వచ్చి తొంగిచూశాడు. బండ్లు నిజంగానే వస్తున్నాయి. తోపంతా విప్పిన కాడెద్దులే. సముద్రం వైపు నుంచి మనుషులు చాపలు చుట్టుకుని నడిచివస్తున్నారు.

ఐదో రోజు మధ్యాహ్నం జవాబులొచ్చాయి. పంతులు వాటిని తెలుగులో రాసి పెంచలరెడ్డి చేతికిచ్చాడు. ఆయన చదువుకుని, మంచినీళ్లడిగి, తాగకుండానే చెంబు కింద పెట్టాడు.

"చెప్పినోడివి నువ్వే. లేదని చెప్పాల్సిందీ నువ్వే. పందిట్లో ఈ రెండూ చదువు."

వెంకటశేషమ్మ భర్త నుదుటిన కుంకుమ పెట్టింది. వేదిక వెనక తడికకు కట్టిన పురికొసలు రెండు తానే విప్పేసి వచ్చానని, గొడవైతే అటునుంచి దూరి తన అన్న బండి ఎక్కేయమని చెప్పింది. "సంచిలో అటుకులు పెట్టినా," అని కూడా చెప్పింది. ఆ అటుకుల మాటతో హజరత్తయ్యకు మిగిలిన ధైర్యం కూడా పోయింది.

పొద్దు వాలింది. పెట్రోమాక్సు దీపాలు వెలిగించారు. పందిరికి కుడివైపు రంగనాయకులు పక్షం, ఎడమవైపు పోలేరయ్య పక్షం, మధ్యలో తాడు. హజరత్తయ్య ఖాకీ చొక్కాతో వేదిక ఎక్కేసరికి రెండువేల మంది ఒక్కసారిగా మాట ఆపేశారు. ఆ నిశ్శబ్దం అతనికి కత్తికంటే భయంగా తోచింది. తోడుగా ఉంటారేమోనని వెనక్కి చూశాడు. తడిక ఊగుతోంది. పెంచలరెడ్డి అప్పటికే దూరి పోయాడు.

"టెలిగ్రాము," అన్నాడు. వెనక వరుసలకు వినపడలేదు. మళ్లీ అన్నాడు. "పొన్నేరి నుంచి. రాలేను. అదే రోజు కుంభకోణం. క్షమించండి. కన్నాయిరం."

కుడివైపు నుంచి గాలి పీల్చినట్టు ఒక చప్పుడు. ఎడమవైపు ఎవరో ఈల వేశారు. అతను తల ఎత్తకుండా రెండోది చదివేశాడు.

"వేటపాలెం నుంచి. గొంతు బాగాలేదు. వైద్యుడు మాట్లాడొద్దన్నాడు. నల్లతోపు శ్రోతలకు నమస్కారాలు. జగన్నాథం."

చదివి, దెబ్బ ఎటునుంచి పడుతుందోనని భుజాలు ముడుచుకున్నాడు. దెబ్బ పడలేదు. రంగనాయకులు లేచి నిలబడ్డాడు.

"అంటే మీ ఆయన కూడా రాలా?"

"రాలా," అన్నాడు పోలేరయ్య. "మీ ఆయన కూడా వెనక కూచోడు గదా?"

"కూచోడు."

ఇద్దరి ముఖాలూ తేటపడ్డాయి. పదిహేను రోజులుగా ఆ రెండు పక్షాలనూ తినేస్తున్నది తమవాడు రాడేమోనన్న దిగులు కాదు, అవతలివాడు వస్తాడేమోనన్న భయం. అది తీరిపోయింది. మీసాలు కూడా దక్కాయి. పందిరి అంతా ఒళ్లు సడలించి కూర్చుంది.

కాసేపటికి పోలేరయ్యకు ఒక సందేహం వచ్చింది. "అయినా, మా ఆయన ఏడు మాటలు పంపినాడు. మీ ఆయన అయిదే. ఊరి పేరు కూడా రాయలా."

"మాటలు లెక్కబెట్టుకోవడం ఏందబ్బా. మా ఆయన క్షమించమని అడిగినాడు. పెద్ద విద్వాంసులే అట్టా అడుగుతారు."

"హజరత్తయ్యా, మాది ఇంకోసారి చదువు."

"ముందు మాది," అని కుడివైపు అరిచారు.

హజరత్తయ్య చదివాడు. మళ్లీ చదివాడు. రెండోసారి ఎడమవైపు చప్పట్లు కొట్టారు. మూడోసారి కుడివైపు 'వన్స్‌మోర్' అన్నారు. ఊరి భజన బృందం వాయించడానికి లేస్తే, కూర్చోమన్నారు. ఏడోసారికి అతను తల ఎత్తి చదివాడు. పదోసారికి 'నమస్కారాలు' దగ్గర చేతులు కూడా జోడించాడు. ఆ జోడింపు బాగుందని, అయితే అది భాగవతార్ పక్షానికి మొగ్గు చూపినట్టుందని రంగనాయకులు అభ్యంతరం చెప్పాడు. 'క్షమించండి' దగ్గరా జోడించాక గాని ఆయన శాంతించలేదు.

క్రీస్తురాజు అత్తతో కలిసి చివరి వరుసలో కూర్చుని చూశాడు. వారం తర్వాత పైఆఫీసుకు ఆయన పంపిన నివేదికలో రహస్యం బయటపెట్టిన సంగతి లేదు. టెలిగ్రాములు చదివే పోస్టుమాను వెనక వరుసలకు కూడా వినపడేలా చదవడం మంచిదని ఒక సూచన మాత్రం ఉంది.