నాలుగో అంతస్తులో రెయిలింగు ఉన్నట్టే

మానవజాతి ఇళ్లు కట్టడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఒక పెద్ద లోపం ఆ పనిని పట్టి పీడిస్తోంది. ఇల్లు కావాలంటే ఇల్లు కట్టవలసి రావడమే ఆ లోపం. దాన్ని సరిదిద్దిన ఘనత మా అపార్టుమెంటు కడుతున్న కంపెనీకే దక్కుతుంది. (మా అపార్టుమెంటు అని దర్జాగా అంటున్నాను గానీ, ప్రస్తుతానికి నా వాటాకు వచ్చింది నాలుగో అంతస్తులో గోడల్లేని వంటగది మాత్రమే.)

కంపెనీవారు ఒకేసారి రెండు భవనాలు కడుతున్నారు. ఒకటి ఇటుకలతో, రెండోది కంప్యూటరులో. కంప్యూటరులో ఉన్నదాన్ని జంట భవనం అంటారు. అది ఎప్పుడో పూర్తయింది. దాని బాల్కనీల్లో మొక్కలు పూశాయి, ఎవరో కాఫీ కూడా తాగుతున్నారు. రెండు భవనాలకూ ఎక్కడైనా తేడా వస్తే జంట భవనమే సరైనదని నియమం. ఇటుకల భవనం మీద దుమ్ము పడుతుంది కాబట్టి దాని మాట అంతగా నమ్మడానికి లేదు.

నా వంటగది ఎదురుగా లిఫ్టు రావలసిన గుంత ఉంది. నాలుగో అంతస్తు నుంచి కింద నేల దాకా నోరు తెరుచుకుని ఉంటుంది. దాని అంచు వెంటే సిమెంటు మాలు మోసుకుంటూ రోజంతా తిరిగేది వదిన. మేస్త్రికి స్వయానా వదిన, తక్కిన సైటంతటికీ వరస కలిపిన వదిన. నాలాంటి ఫ్లాటు యజమానులను కూడా ఆవిడ మరిదిగారూ అనే పిలుస్తుంది.

ఒకరోజు తడి మాలు మీద వదిన కాలు జారింది. తట్ట గుంతలో పడింది, ఆవిడ అంచున కూలబడింది. తట్ట కింద పడ్డ చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు. తట్టకు తొందరెక్కువ అని ఆవిడ నవ్వేసింది గానీ, అంచు నుంచి వెనక్కి పాక్కుంటూ వచ్చాకే లేచి నిలబడింది. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది.

అక్కడ రెండు చెక్కలు అడ్డంగా కొట్టించమని ఆవిడ భద్రతాధికారిని అడిగింది. ఆయన చాలా మంచివాడు. నోటితో చెప్పిన ప్రమాదాలను తాను పట్టించుకోలేననీ, ప్రమాదం ఏదైనా యాప్ ద్వారానే రావాలనీ ఓపిగ్గా వివరించాడు. మేస్త్రి యాప్‌లో పెట్టాడు. వెంటనే జవాబొచ్చింది. "మీరు సూచించిన స్థలంలో రెయిలింగు ఉన్నది. ఉన్న రెయిలింగుకు అడ్డముగా మరొక రెయిలింగు ఉంచరాదు."

అబద్ధం కాదు. జంట భవనంలో అక్కడ స్టీలు రెయిలింగు తళతళలాడుతోంది. ఆఫీసు తెర మీద నేనే చూశాను. చూస్తుంటే దాని మీద చెయ్యి వేసి నిలబడాలనిపించింది.

మేస్త్రి పట్టు వదలకుండా గుంత ఫోటో తీసి పంపాడు. "ఫోటోలో రెయిలింగు కనబడుట లేదు. స్పష్టమైన ఫోటో పంపగలరు" అంది యాప్. అతను ఫోను తుడిచి మళ్లీ తీశాడు. మంచి ఎండలో తీశాడు. వదినను పక్కన నిలబెట్టి తీశాడు. చివరికి యాప్‌కు అతని మీద జాలి కలిగి ఫోటోగ్రఫీ శిక్షణలో చేర్చింది. (సర్టిఫికెట్టు వచ్చింది. ఇప్పుడు సైటులో పెళ్లిచూపుల ఫోటోలన్నీ అతనే తీస్తాడు.)

దాంతో విసిగిపోయి శ్లాబు పోయడానికి వాడే సెంట్రింగ్ చెక్కలు రెండు తెచ్చి తనే కొట్టేశాడు. సాయంత్రానికల్లా కంపెనీలో పర్యావరణం సంగతి చూసే సుస్థిరతాధికారిణి వచ్చి వాటిని పీకించింది. చెక్క అంటే చెట్టు, చెట్టు అంటే కంపెనీ పచ్చదనం మార్కులు. ఆ చెక్కలను ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టి, కింద "మేము కాపాడిన వృక్షం" అని రాయించారు. వచ్చినవాళ్లంతా దాని పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు. ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. వెళ్లి చూస్తే బీరువా మాత్రం ముచ్చటగా ఉంది.

ఈలోగా అత్యంత సురక్షిత, సుస్థిర సైటు ఏదో తేల్చే బహుమతి సంఘం వచ్చింది. అందరి కళ్లకూ జంట భవనం చూపించే నల్లటి అద్దాలు తగిలించి పైకి తీసుకెళ్లారు. సంఘాధ్యక్షుడు నిండైన మనిషి. మెట్లెక్కి ఆయాసపడ్డారు. నాలుగో అంతస్తులో రెయిలింగు కనబడగానే ప్రాణం లేచొచ్చి, దాని పనితనాన్ని మెచ్చుకుంటూ మోచెయ్యి ఆనించబోయారు.

వదిన తట్ట వదిలేసి ఆయన బెల్టు దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ ఇసుక కుప్ప మీద పడ్డారు. ఆయన అద్దాలు తీసి గుంతలోకి తొంగి చూశారు. అద్దాలు మళ్లీ పెట్టుకుని చూశారు, మళ్లీ తీసి చూశారు.

"ఇక్కడ రెయిలింగు ఉందిగా అమ్మా?" అన్నారు చివరికి.

"ఉంది సార్. రెయిలింగు ఆఫీసులో ఉంది, గుంత ఇక్కడుంది" అంది వదిన, ఇసుక దులుపుకుంటూ.

ఇక పని జరిగినట్టేనని మేస్త్రి జేబులోంచి మేకులు తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. సమావేశం జరిగింది. దానికి అధ్యక్షత వహించింది డిజిటల్ నవకల్పనాధికారి, అంటే జంట భవనానికి కన్నతండ్రి. సమావేశం తేల్చినదేమంటే, ప్రమాదం జరగలేదు. జరగలేదు కాబట్టి అక్కడ రక్షణ పనిచేసింది. ఏ రక్షణ పనిచేసిందా అని కెమెరాల్లో వెతికితే వదిన తేలింది. చెక్క అక్కర్లేదు, స్టీలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పొద్దున్నే తనంతట తానే వచ్చి బిగుసుకుంటుంది. సుస్థిరతాధికారిణికి ఆనందంతో కళ్లు చెమర్చాయట. బహుమతి కంపెనీకే వచ్చింది.

తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి వదిన గుంత అంచున చేతులు బార్లా చాపి నిలబడి ఉంది. భుజం మీద, సామాన్ల మీద ఉండేలాంటి కోడు గీతల స్టిక్కరు అంటించారు. కింద "రెయిలింగు (తాత్కాలికం)" అని ఉంది. ఎలా ఉందని అడిగాను.

"మోత పని తప్పింది మరిదిగారూ, హాయిగానే ఉంది. కాకపోతే తుమ్మొచ్చినప్పుడే కాస్త భయం" అంది.

గబగబా మెట్లు దిగి నవకల్పనాధికారి గదిలోకి వెళ్లి, ఆవిడ పడిపోతే ఏమిటి గతి అని గట్టిగానే అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ట్యాబులో నియమాలన్నీ శ్రద్ధగా వెతికాడు. కాసేపటికి ఆయన మొహం విప్పారింది.

"కంగారు పడకండి. మనిషి పడితేనే ప్రమాదం కింద రాస్తాం. రెయిలింగు పడితే మరమ్మతు కిందే వస్తుంది."