తూర్పుగట్టు చప్పుళ్ల సంఘం

ఒక పెద్ద అడవిలో, నడిమధ్యన పారే ఏటికి ఇటు తూర్పుగట్టు, అటు పడమటిగట్టు ఉండేవి. ఎండాకాలం వస్తే ఏరు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగు కోసం ఏటా కుమ్ముకుని, కరుచుకుని, చివరికి విసుగెత్తి రెండు గట్లవాళ్లూ ఒక మాట అనుకున్నారు. ఫుట్‌బాల్ ఆడదాం. గెలిచిన గట్టుకు ఆ వేసవంతా మడుగు. ఓడినవాళ్లు కొండెక్కి దిగి, అవతలున్న ఊట దగ్గరికి పోయి తాగాలి.

మూడేళ్లుగా తూర్పుగట్టే గెలుస్తోంది. ఆ గొప్పంతా గోల్‌కీపరు ఎలుగుబంటి బొంతయ్యది. తమాషా ఏంటంటే, బొంతయ్యకు చూపు ఆనదు. పది అడుగుల అవతల ఉన్నది బంతో పుట్టో చెప్పలేడు. మరి ఎలా ఆపుతాడంటారా? గోలు కర్ర మీద తీతువు పిట్ట టిట్టిమ్మ కూర్చునేది. "ఎడమకు! కిందికి! ఊఁ, దూకు!" అని ఆవిడ అరిచేది, బొంతయ్య దూకేవాడు. అంతే.

ఇది ఆటగాళ్లందరికీ తెలుసు. చూసేవాళ్లకే తెలియదు. చూసేవాళ్లు ఆటెప్పుడు చూశారు గనక!

నక్క జంబయ్యకు మాత్రం మూడేళ్లుగా కడుపుమంట. జట్టు గెలుస్తోంది, అందులో తన పేరెక్కడా లేదు. ఆడదామంటే కాలు సాగదు. ఆలోచించి ఆలోచించి 'తూర్పుగట్టు అభిమానుల చప్పుళ్ల సంఘం' పెట్టాడు. అధ్యక్షుడు తనే. నినాదాలు కట్టే పని నెమలి పింఛారావుకి. కోతులకు బోలు దుంగల డప్పులు. కుందేళ్లకు ఎండు దిరిసెన కాయలు, ఊపితే గలగలమంటాయి. అడవిదున్నలకు వెదురు బూరలు.

"ఈసారి పడమటిగట్టు గుండెలు జారిపోవాలి. మన చప్పుడుకి వాళ్లు బంతెక్కడుందో మరిచిపోవాలి!" అన్నాడు జంబయ్య మొదటి సమావేశంలో.

పింఛారావు గొంతు సవరించుకుని తన నినాదం వినిపించాడు. "తూర్పుగట్టు! తొడకొట్టు! బంతి పట్టు! గోలు కొట్టు!"

ఆహా ఓహో అన్నారందరూ. కోతులు అప్పుడే రెండు దుంగలు పగలగొట్టాయి.

టిట్టిమ్మ రెక్క ఎత్తింది. "అధ్యక్షా, ఒక్క మాట. పడమటిగట్టువాళ్లు పుట్టి పెరిగిందే జలపాతం పక్కన. ఆ హోరులో ఒకడి మాట ఒకడికి వినపడదు. అందుకే తోక ఊపి, చెవి తిప్పి సైగలతో ఆడతారు. వాళ్లకు మీ చప్పుడు ఒక లెక్కా? మా బొంతన్న మాత్రం నా గొంతు వినకపోతే గోడకు కొట్టుకున్నట్టే."



"తీతువు నోరు తెరిచిందంటే అంతే. అపశకునం!" అని జంబయ్య చెవులు మూసుకున్నాడు. "సంఘం తీర్మానం రాసుకోండి. ఆట జరిగేప్పుడు నోరు మూసుకున్నవాడు గట్టు ద్రోహి."

బయటికొచ్చాక బొంతయ్య మెల్లిగా అడిగాడు. "ఓడిపోతామంటావా, టిట్టిమ్మా?"

"నోరు నొప్పెట్టేదాకా అరుస్తాలే బొంతన్నా, భయపడకు."

"భయం కాదే. నాలుగేళ్ల కిందట ఓడినప్పుడు ఆ కొండదారిలో పడి నెల్లాళ్లు మంచాన ఉన్నాను. ఈ కళ్లతో మళ్లీ ఆ దారి నావల్ల కాదు."

ఆట రోజు రానే వచ్చింది. రిఫరీ ఏనుగు తొండం ఎత్తిందో లేదో, అబ్బబ్బ, ఏం గోలండీ అది! డప్పులు, బూరలు, గలగలలు, మధ్యలో "తూర్పుగట్టు! తొడకొట్టు!" పడమటిగట్టు కెప్టెన్ అడవిపంది ఆ మోతకి మొహం విప్పార్చుకుని తనవాళ్ల వైపు చెవి తిప్పింది. అచ్చం ఇంటి దగ్గర ఆడుకుంటున్నట్టుంది వాళ్లకు. తోకలు ఊగాయి. బంతి కదిలింది.

"కుడికి! బొంతన్నా, కుడికి!" అని టిట్టిమ్మ గొంతు చించుకుంది.

బొంతయ్య ఎడమకు దూకాడు. గోల్. రెండోసారి అసలు దూకనే లేదు. గోల్. మూడోసారి బంతి అనుకుని తన జట్టు దుప్పినే వాటేసుకున్నాడు. గోల్.

"చప్పుడు చాల్లేదు! ఇంకా గట్టిగా!" అని జంబయ్య గంతులేశాడు.

ఎంతసేపని అరుస్తారు? ఎండ మండిపోతోంది. సగం ఆట దాటేసరికి డప్పులు పగిలాయి, బూరలు చీలాయి, గొంతులు పూడుకుపోయాయి. పింఛారావు నోట గాలి తప్ప మాట రాలేదు. జనమంతా చెట్ల నీడలో చతికిలపడ్డారు.

అప్పుడు వినిపించింది, స్పష్టంగా. "ఎడమకు! కాస్త పైకి! దూకు!"

బొంతయ్య దూకాడు. బంతి చేతిలో పడింది. ఆ సంబరం చూడాలి! ఇంకోటి ఆపాడు. మరోటి ఆపాడు. ఇటు దుప్పులకు కూడా ఒకదాని కేక ఒకదానికి వినపడి, చకచకా అందించుకుంటూ ఒక గోలు, రెండు, మూడు కొట్టాయి. మూడు మూడు. సమం! ఇక ఒక్క నిమిషం ఆట మిగిలింది.

కునికిపాట్లు పడుతున్న జంబయ్య కళ్లు తెరిచాడు. "చూశారా! మన అరుపుల ఫలం ఇప్పుడు దక్కుతోంది! లేవండి లేవండి, ఉన్న ఊపిరంతా పెట్టండి!"

టిట్టిమ్మ ఎగిరొచ్చి అతని ముక్కు ముందు వాలింది. "నీ కాళ్లు పట్టుకుంటాను బాబూ, ఒక్క నిమిషం ఊరుకో!"

"గట్టు ద్రోహి!" అని అరిచాడు జంబయ్య. అడవంతా అందుకుంది. బూరలు లేకపోతేనేం, చేతికందిన రాయీ రప్పా పట్టుకుని మోగించారు. టిట్టిమ్మ కర్ర దగ్గరికి తిరిగెళ్లేసరికి అడవిపంది బంతి తన్నేసింది. బొంతయ్య రెండు చేతులూ చాచి, ఎటు దూకాలో తెలియక, అక్కడే నిలబడిపోయాడు.

బంతి అతని చెవి పక్కనుంచి పోయింది.

మర్నాడు సంఘం విచారణ జరిపి నివేదిక ఇచ్చింది. ఓటమికి కారణం: ఆట మధ్యలో అభిమానులు కాసేపు నోరు మూసుకోవడం. కాబట్టి వచ్చే ఏడాది డప్పులు రెట్టింపు. గొంతు తగ్గనివ్వనందుకు అధ్యక్షుడికి సన్మానం.

ఆ వేసవంతా తూర్పుగట్టు జంతువులు వరసగట్టి కొండెక్కాయి. అందరికన్నా వెనక బొంతయ్య, అతని భుజం మీద టిట్టిమ్మ. "ఎడమకు బొంతన్నా, అక్కడ రాయుంది" అంటోంది ఆవిడ. ముందు నడుస్తున్న జంబయ్య వెనక్కి తిరిగి, పైయేడుకి సాధన ఇప్పటినుంచే మొదలుపెట్టాలని చెప్పి, కోతులచేత కొత్త డప్పు మీద దెబ్బ వేయించాడు. నాలుకలు పిడచకట్టిన జనం "తూర్పుగట్టు! తొడకొట్టు!" అని అందుకున్నారు.

బొంతయ్య అడుగు ముందుకు వేయకుండా ఆగిపోయాడు. ఎడమెటో, కుడెటో అతనికి మళ్లీ వినపడటం లేదు.

నీతి: నీళ్లు పోగొట్టుకుని, ఎండిన గొంతుతో కూడా అరవగలిగినవాడే అసలైన అభిమాని.